సముద్రపు ఒడ్డున పెళ్ళి: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అక్క కూతురి పెళ్ళి భీమిలి రోడ్డులో సముద్రం ఒడ్డున చేశాం. చూసినవాళ్ళంతా ఎంత బాగా జరిగిందో అన్నారు. ఆ రెండు గంటల్లో మాకు ఎన్నిసార్లు గుండె జారిందో మాకే తెలుసు. తర్వాత చుట్టాల్లో, స్నేహితుల్లో ఇంకొన్ని బీచ్ పెళ్ళిళ్ళకు దగ్గరుండి పనులు చూశాను. ఫోన్ చేసేవాళ్ళందరూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారని ఒకచోట రాసిపెడుతున్నాను. ఇందులో ఎక్కువగా విశాఖ, భీమిలి తీరం సంగతులే ఉంటాయి. సూర్యలంకలోనో, చీరాల దగ్గరో, నెల్లూరు మైపాడులోనో చేసుకునేవాళ్ళకు కూడా చాలావరకు పనికొస్తాయి. గాలీ ఇసుకా ఎక్కడైనా అవే కదా.

పెళ్ళి మొత్తం బీచ్‌లోనే చేయొచ్చా?

చేయొచ్చు. నేనైతే వద్దంటాను. జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా, మహా అయితే సప్తపది దాకా ఇసుకలో చేయండి. గంటన్నర, రెండు గంటల పని. మంగళస్నానాలు, గౌరీపూజ, భోజనాలు, అప్పగింతలు గట్టు మీద రిసార్టులోనో, దగ్గర్లోని హాల్లోనో పెట్టుకోండి. నేను చూసిన బీచ్ పెళ్ళిళ్ళలో ఇబ్బంది పడినవాళ్ళంతా ఆరేడు గంటలు జనాన్ని ఇసుకలో కూర్చోబెట్టినవాళ్ళే. మొదటి గంట అందరికీ సరదాగా ఉంటుంది. మూడో గంటలో మావయ్యలు నీడ వెతుక్కుంటూ కార్లలోకి వెళ్ళిపోతారు.

సూర్యాస్తమయం అప్పుడు, వెనకాల సముద్రం కనిపించేలా మాంగళ్యధారణ ఫోటో కావాలి. కుదురుతుందా?

మన దగ్గర కుదరదు. ఇది చెప్పేసరికి సగం మంది పెళ్ళికూతుళ్ళ మొహం చిన్నబోతుంది. మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేచి సాయంత్రానికి కొండల వెనక్కి పోతాడు. మీరు ఫోన్లో చూసిన ఆ నారింజ రంగు ఫోటోలు గోవావో, కేరళవో. సాయంత్రం ఐదున్నరకు విశాఖ బీచ్‌లో వెలుతురు మెత్తగా, హాయిగా ఉంటుంది గానీ సూర్యుడు మాత్రం మీ వెనక రోడ్డు వైపు ఉంటాడు.

మనకున్న వరం సూర్యోదయం. జనవరిలో విశాఖలో ఉదయం ఆరున్నర ప్రాంతంలో, జూన్ మొదట్లో అయిదూ ఇరవై ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. మాఘమాసంలో దాదాపు నేరుగా ఎదురుగా నీళ్ళలోంచి లేస్తాడు. జ్యేష్ఠమాసానికి సముద్రం వైపు తిరిగి నిలబడితే ఎడమచేతి వైపుకు, భీమిలి దిక్కుకు జరిగిపోతాడు. మన ముహూర్తాలు తెల్లవారుజామున పడటం కొత్తేమీ కాదు. అలాంటి ముహూర్తం దొరికితే వదులుకోకండి. గాలి కూడా ఆ వేళే తక్కువగా ఉంటుంది. రాత్రంతా నేల మీంచి సముద్రం మీదికి వీచిన గాలి తెల్లారేసరికి నెమ్మదిస్తుంది. నేల వేడెక్కాక సముద్రం నుంచి గాలి తిరుగుతుంది. మధ్యలో దొరికే ఆ కాస్త వ్యవధి మీది.

మండపం ఎటు తిరిగి ఉండాలి?

పంతులుగారికీ ఫోటోగ్రాఫర్‌కీ గొడవ వచ్చేది ఇక్కడే. పంతులుగారు తూర్పు ముఖం అంటారు. మన తీరంలో తూర్పు ముఖం అంటే దంపతులు సముద్రాన్ని చూస్తూ కూర్చోవాలి. ఫోటోగ్రాఫర్‌కేమో వాళ్ళ వెనక సముద్రం కావాలి, అంటే పడమర ముఖం. మా అక్క కూతురి పెళ్ళిలో ముందురోజు సాయంత్రం ఈ సంగతి మీద గంటసేపు తర్జనభర్జన జరిగింది. చివరికి మా బావగారు ఇసుకలో పుల్లతో బొమ్మ గీసి తేల్చారు. దంపతులు తూర్పు ముఖంగానే ఉంటారు, కుర్చీలు మాత్రం ఎదురుగా కాకుండా మండపానికి దక్షిణం పక్కన వేయాలి. చూసేవాళ్ళకు ఒక పక్క సముద్రం, ఒక పక్క దంపతులు కనిపిస్తారు. కెమెరా కూడా అక్కడి నుంచే. ఉదయపు ఎండ దంపతుల మొహం మీద పడుతుంది కాబట్టి ఫోటోలు నల్లగా రావు. వెనక సముద్రంతో కావాల్సిన ఫోటోలు తలంబ్రాలయ్యాక విడిగా తీయించుకోవచ్చు.

ఏ నెలలో పెట్టుకుంటే మంచిది?

మాఘం, ఫాల్గుణం. రెండో మాట లేదు. వాన ఉండదు, ఎండ ముదరదు, సముద్రం కాస్త శాంతంగా ఉంటుంది. వైశాఖ, జ్యేష్ఠాల్లో ముహూర్తాలు బోలెడు గానీ తొమ్మిది దాటితే ఇసుక మీద కాలు పెట్టలేరు, మధ్యాహ్నానికి గాలి విసిరి కొడుతుంది. తెల్లవారుజామున అయితేనే చూసుకోండి. శ్రావణంలో వాన. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఎలాగూ లేవు. మూఢం వస్తే అసలు ఆ ఊసే లేదు.

జాగ్రత్తగా ఉండాల్సింది ఆశ్వయుజం నుంచి మార్గశిరం దాకా. కార్తీకంలో మంచి ముహూర్తాలుంటాయి, అదే తుఫాన్ల కాలం కూడా. హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడింది 2014 అక్టోబరు 12న. మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న, అంటే కార్తీక బహుళంలో, పెళ్ళిళ్ళ మధ్యలో. ఆ నెలల్లో పెట్టుకుంటే హాల్ కూడా బుక్ చేసి పెట్టుకోండి, అడ్వాన్స్ పోయినా సరే.

ముహూర్తం రాత్రి ఒంటిగంటకు వచ్చింది. బీచ్‌లో మైకు, భజంత్రీలు పెట్టుకోవచ్చా?

పెట్టుకోకూడదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. తర్వాత వచ్చిన సవరణతో సంగీత వాద్యాలు కూడా అందులో చేరాయి. పండుగల్లాంటి వాటికి ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు గానీ, అది మన ఇంటి పెళ్ళి కోసం ఇచ్చేది కాదు. గట్టిమేళం లేకుండా మాంగళ్యధారణ చేయలేం కదా. కాబట్టి తెల్లవారుజాము ముహూర్తం కూడా ఆరు దాటాక ఉంటేనే ఒడ్డున కుదురుతుంది. రాత్రి ముహూర్తమైతే నాలుగు గోడల మధ్య హాల్లో చేసేసి, తెల్లారాక దంపతుల్ని ఒడ్డుకు తీసుకెళ్ళండి. పెళ్ళి అయిపోయిన ఊరట ఉంటుంది కాబట్టి ఆ ఫోటోల్లోనే నవ్వులు బాగా వస్తాయి.

పర్మిషన్ ఎవరి దగ్గర తీసుకోవాలి?

ముందు ఆ ఇసుక ఎవరిదో కనుక్కోండి. విశాఖలో ఒకే రోడ్డు వెంట ఒకచోట జీవీఎంసీ (నగరపాలక సంస్థ), ఒకచోట వీఎంఆర్‌డీఏ (నగరాభివృద్ధి సంస్థ), ఇంకోచోట పర్యాటక శాఖ, మరోచోట రెవెన్యూ పోరంబోకు, సరుగుడు తోటల దగ్గర అటవీ శాఖ, కొన్నిచోట్ల నేవీ. తహసీల్దారు ఆఫీసులో అడిగితే స్థలం ఎవరి కిందికి వస్తుందో చెబుతారు. దాన్నిబట్టి ఆ శాఖకు అర్జీ, దానితోపాటు స్థానిక పోలీస్ స్టేషన్‌కు ఒక అర్జీ. టపాసులు, జనరేటర్ ఉంటే ఫైర్ వాళ్ళకు కూడా. రెండు నెలల ముందు మొదలుపెట్టండి. చేత్తో ఇచ్చిన ప్రతి అర్జీకీ స్టాంపు వేసిన నకలు తెచ్చుకోండి. పెళ్ళి రోజు పొద్దున్నే ఎవరైనా వచ్చి అడిగితే చూపించేది అదే. మాకు ఒకసారి నోటిమాటగా సరేనన్న ఒక ఆఫీసు, పెళ్ళికి రెండు రోజుల ముందు మాకేం తెలియదు అనేసింది.

రిసార్టువాళ్ళు ‘మా ప్రైవేట్ బీచ్’ అంటే తల ఊపి ఊరుకోకండి. వాళ్ళది ప్రహరీ గోడ దాకానే, అవతల ఇసుక ప్రభుత్వానిది. గోడ అవతల పందిరి వేస్తే పర్మిషన్ ఎవరు తెస్తారో ఒప్పందంలోనే రాయించుకోండి. తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు 1991 నుంచి ఉన్నాయి. పోటు నీళ్ళు వచ్చి ఆగే గీత నుంచి 500 మీటర్ల దాకా సాధారణంగా వాటి పరిధిలోనే ఉంటుంది. కర్రలతో వేసి తీసేసే పందిరి వేరు, సిమెంటు దిమ్మె వేరు. స్టేజీ గట్టిగా ఉంటుందని కాంక్రీటు పోయిస్తాననే డెకరేషన్ మేస్త్రీని అక్కడే ఆపండి.

ఋషికొండ మీద మనసు పడేవాళ్ళు చాలామంది. దానికి 2020లో శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది, సందర్శకుల రద్దీ ఎక్కువ. ఆదివారం పూట అక్కడ పెళ్ళి అంటే మీ పిలుపు అందని అతిథులే ఎక్కువ ఉంటారు. ఋషికొండ దాటి భీమిలి వైపు వెళ్ళేకొద్దీ కాస్త ఊపిరాడుతుంది.

దగ్గర్లో జాలరి పల్లె ఉంది. వాళ్ళను కూడా అడగాలా?

అందరికంటే ముందు వాళ్ళనే అడగాలి. ఆఫీసుల్లో మీకొచ్చేది కాగితం. ఆ ఒడ్డును రోజూ వాడుకునేది వాళ్ళు. పడవలు నిలిపే చోటు, వలలు బాగుచేసుకునే చోటు, చేపలు ఎండబెట్టుకునే చోటు ఉంటాయి. తెల్లవారుజామున అలివి వల లాగే రోజైతే ఇరవై ముప్పై మంది రెండు జట్లుగా తాళ్ళు పట్టుకుని ఒడ్డంతా పరుచుకుంటారు. మీ మండపం ఆ దారిలో ఉంటే కదలాల్సింది మీరే. పల్లె పెద్దల దగ్గరకు పండూ తాంబూలంతో వెళ్ళి, తారీఖు చెప్పి, ఎక్కడ వేసుకోమంటారో వాళ్ళనే అడగండి. పెళ్ళికి పిలవండి. కుర్రాళ్ళకు పందిరి పని, కాపలా పని ఇవ్వండి. మా పెళ్ళిలో కుర్చీలు మోసింది, రాత్రి డెకరేషన్‌కు కాపలా ఉన్నది, చివరికి అడ్డదిడ్డంగా పాతిన గుంజను పీకి సరిగా పాతింది పల్లె కుర్రాళ్ళే.

తాబేళ్ళ వల్ల ఇబ్బంది వస్తుందంటున్నారు, నిజమేనా?

మన వల్ల వాటికి ఇబ్బంది. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట మన ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. సరిగ్గా మన మాఘ, ఫాల్గుణ ముహూర్తాల కాలం. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలు బయటికొచ్చి వెలుతురు ఎక్కువున్న వైపుకు పాకుతాయి. మామూలుగా అది సముద్రం మీద మెరిసే ఆకాశం. మీ ఫోకస్ లైట్లుంటే మండపం వైపు వచ్చేస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటికి అత్యున్నత రక్షణ ఉంది, గుడ్లు తొక్కినా కేసే. అటవీ శాఖవాళ్ళు కొన్నిచోట్ల వలకట్టి గుడ్లను కాపాడతారు, ఆ దరిదాపుల్లోకి పోకండి. రాత్రంతా సీరియల్ బల్బులు వెలిగించి ఉంచకండి. తెల్లవారుజాము పెళ్ళికి నాలుగింటికి లైట్లు వేస్తే చాలు, అదీ నేల వైపు వంచి.

అలలు మండపం దాకా వస్తాయా?

వస్తాయి, చోటు తప్పుగా ఎంచుకుంటే. విశాఖ దగ్గర ఆటుకూ పోటుకూ నిలువు తేడా ఎక్కువ రోజుల్లో మీటరున్నర లోపే. అంతేనా అనిపిస్తుంది గానీ, పల్లపు ఇసుక మీద అదే చాలా అడుగులు లోపలికి వస్తుంది. పౌర్ణమికి, అమావాస్యకు పోటు ఎక్కువ. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా. కాబట్టి నెల ముందు మీరు వెళ్ళి చూసిన బీచ్, పెళ్ళిరోజు అదే గంటకు అలాగే ఉండదు. సముద్రమే లేని హైదరాబాద్‌లో సముద్రం సంగతులు చెప్పే ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఉంది. పోటు వేళలు, పెద్ద అలల హెచ్చరికలు వాళ్ళే ఇస్తారు. ఎక్కడో దూరాన తుఫాను రేగితే ఇక్కడ గాలి లేకపోయినా పెద్ద అలలు రావొచ్చు, ఆ హెచ్చరికల్ని తేలిగ్గా తీసుకోకండి.

కాగితాలు లేకుండా చూసే పద్ధతి కూడా ఉంది. ఒడ్డున ఎండిన నాచు, గవ్వలు, పుల్లలు ఒక గీతలా పేరుకుని ఉంటాయి. పోటు వచ్చి ఆగిన చోటు అది. దానికి బాగా ఎగువన, పడవలు నిలిపిన వరసకు వెనక మండపం వేయండి. బతుకుతెరువైన పడవను ఎవరూ అల అందే చోట ఉంచరు.

పందిరి గాలికి ఆగుతుందా?

షామియానా ఆగదు. గుడ్డ గాలి నింపుకుని తెరచాపలా లేస్తుంది, మేకులు ఇసుకలోంచి వెన్నలోంచి వచ్చినట్టు ఊడిపోతాయి. ఊళ్ళో వంద పెళ్ళిళ్ళకు పందిరి వేసిన మేస్త్రీ అయినా బీచ్ మీద వేశాడా లేదా అని అడగండి. సరుగుడు కర్రలు మూడడుగుల లోతున పాతి, అడుగున ఇసుక బస్తాలు కట్టి, పైన తాటాకో కొబ్బరాకో పరచండి. గాలి అందులోంచి పోతుంది. గుడ్డ కావాలంటే పల్చటి జాలీ గుడ్డ. గాజు షాండ్లియర్లు, థర్మాకోల్ అక్షరాలు, బెలూన్ల తోరణాలు వద్దు. బంతిపూల దండలు బరువుగా ఉంటాయి కాబట్టి బాగా నిలుస్తాయి, గులాబీ రేకులు క్షణంలో మాయం.

హోమం వెలుగుతుందా? తలంబ్రాలు ఎగిరిపోవా?

ఇనప హోమగుండం తెచ్చుకుని, ఇసుక మీద ఇటుకలు పేర్చి, దానిపై పెట్టండి. మూడు పక్కలా నడుమెత్తు తడికలు నిలబెట్టండి. వాటిని పాతేయకుండా పట్టుకుని జరిపేలా ఉంచాలి, ఎందుకంటే ఎండెక్కే కొద్దీ గాలి దిక్కు మారుతుంది. కర్పూరం మీద ఆశ పెట్టుకోవద్దు. ఎండు కొబ్బరి చిప్ప ముక్కలు, నెయ్యిలో తడిపిన వత్తులు పంతులుగారికి ముందే ఇవ్వండి. దీపాలకు గాజు బుడ్లు. నీళ్ళ బకెట్, ఇసుక బకెట్ పక్కనే ఉండాలి. పైన తాటాకు పందిరి ఉందని మరవకండి.

అడ్డుతెర ఒక తమాషా. ఇద్దరు పట్టుకున్నా గాలికి పైకి లేచి, ముహూర్తానికి ముందే పెళ్ళికొడుకు పెళ్ళికూతురి మొహం చూసేస్తాడు. తెర కింది అంచుకు సన్నటి వెదురు కర్ర కుట్టిస్తే సరిపోతుంది. తలంబ్రాల బియ్యాన్ని కాస్త ఎక్కువ నెయ్యీ పసుపూ వేసి కలపండి, బరువెక్కుతాయి. మంగళసూత్రాలు, మెట్టెలు అంచులున్న పళ్ళెంలో, పళ్ళెం ఒక పెద్దమనిషి ఒళ్ళో. ఉంగరాలాటలో బిందెలో వేసిన ఉంగరం దొరుకుతుంది గానీ, ఇసుకలో పడిన ఉంగరం దొరుకుతుందని నమ్మకండి.

భోజనాలు బీచ్‌లో పెడితే?

ఒక్కసారి పెట్టి చూశాం. అరిటాకు పరిచేలోపే ముడుచుకుపోయింది. ఆకు మీద గ్లాసు పెడితే గ్లాసు పడింది. ముద్దపప్పు, ఆవకాయ కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న మా పెద్దనాన్నగారు నమలడం ఆపి, నా వైపు చూశారు. ఏమీ అనలేదు. పంటి కింద ఇసుక కరకరమన్న శబ్దం నాకు వినిపించింది అంటే మీరు నమ్మరు. వడ్డన గోడల మధ్యే పెట్టండి. ఒడ్డున మజ్జిగ, కొబ్బరిబొండాలు, మూతలున్న కప్పుల్లో కాఫీ చాలు.

పెద్దవాళ్ళు నడవగలరా?

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పొడి ఇసుకలో పాతిక అడుగులు వేయడం కూడా కష్టం. రోడ్డు నుంచి మండపం దాకా ప్లైవుడ్ పలకలు, వాటి మీద కొబ్బరిపీచు పట్టా పరవండి. వీల్‌చైర్ దాని మీద నడుస్తుంది. కుర్చీల కింద కూడా పలకలుండాలి, లేకపోతే ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు ఒక్కొక్కటే దిగబడి మనిషి పక్కకు ఒరిగిపోతాడు. బాత్రూమ్ ఎంత దూరమో పెద్దవాళ్ళు మిమ్మల్ని అడగరు, మీరే చూసుకోవాలి.

పెళ్ళికూతురు ఏం కట్టుకోవాలి?

నూలు మధుపర్కాలు బీచ్‌కు భలే నప్పుతాయి. బరువైన పట్టుచీరను హాల్లో కట్టండి, ఉప్పుగాలికి జరీ నల్లబడుతుందని అమ్మలకు దిగులు. హీల్స్ వద్దు. జడ, పూలజడ బరువు వల్ల ఆగుతాయి, వదులు జుట్టు మాత్రం మొహమంతా కప్పేస్తుంది.

డ్రోన్ ఎగరేయొచ్చా?

విశాఖలో దీని మీద ఆశ పెట్టుకోకండి. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఇక్కడే ఉంది, భీమిలి వైపూ నేవీ స్థావరం ఉంది. డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే కేంద్ర ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చోటు ఏ రంగులో ఉందో చూడండి. ఎరుపు జోన్ అయితే కేంద్రం అనుమతి కావాలి. ‘ఏం కాదు సార్, అందరూ ఎగరేస్తున్నారు’ అనే వీడియోగ్రాఫర్ కంటే నిచ్చెన తెచ్చుకునే వీడియోగ్రాఫర్ మేలు.

కుర్రాళ్ళు నీళ్ళలోకి దిగుతామంటే?

ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు. విశాఖ ఒడ్డున చాలాచోట్ల లోపలికి లాగే ప్రవాహాలున్నాయి. మోకాలి లోతులో నిలబడినవాడిని కూడా లాగేస్తాయి. ఆర్కే బీచ్, యారాడ వైపు ప్రాణాలు పోయిన ఘటనలు ఊరందరికీ తెలుసు. పల్లె నుంచి ఇద్దరు గజఈతగాళ్ళను, లైఫ్ జాకెట్లు, తాడుతో సహా, పెళ్ళి మొదలయ్యే ముందు నుంచి చివరి కారు కదిలేదాకా పెట్టుకోండి. మందు తాగినవాళ్ళను ఒడ్డుకు రానివ్వకండి, పెళ్ళికొడుకు స్నేహితులైనా సరే.

బీచ్‌లో చేసుకున్న పెళ్ళి రిజిస్టర్ అవుతుందా?

అవుతుంది. హిందూ వివాహ చట్టం చూసేది పెళ్ళి తంతు జరిగిందా లేదా అని, చోటుతో పని లేదు. సప్తపది ఉన్న పెళ్ళిలో ఏడో అడుగుతో వివాహం పూర్తయినట్టు. ఆ ఏడడుగుల ఫోటోలు స్పష్టంగా తీయించండి. శుభలేఖలో స్థలం పేరు సరిగ్గా వేయించండి, ‘సముద్ర తీరాన’ అని కవిత్వం రాసి ఊరుకోకుండా. ప్రత్యేక వివాహ చట్టం కింద అయితే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అదనపు ఫీజు కడితే మ్యారేజ్ ఆఫీసరు ఆఫీసుకు సమీపంలోని వేరే చోట కూడా పెళ్ళి జరిపించే వీలు ఆ చట్టంలోనే ఉంది.

ఖర్చు తగ్గుతుందా?

హాల్ అద్దె ఉండదు కదా అనుకుంటారు. పలకలు, జనరేటర్, నీళ్ళ ట్యాంకర్, మొబైల్ టాయిలెట్లు, కాపలా, పైగా వాన వస్తే అని పెట్టుకున్న హాల్. తగ్గేది పిలుపుల్లోనే. వంద, నూట యాభై మందికి మించి పిలవకండి.

పెళ్ళయ్యాక ఏం చూసుకోవాలి?

పూలు, ఆకులు, థర్మాకోల్ ముక్కలు, ప్లాస్టిక్ గ్లాసులు అదే పూట ఏరించి తీయించండి. పోటు వచ్చిందంటే అన్నీ లోపలికి పోతాయి. పేలిస్తే వెండి కాగితాలు ఎగిరే గొట్టాలు అసలు తేకండి, వాటిని ఏరడం ఎవరి తరమూ కాదు. ఇంకొకటి, డెకరేషన్‌వాళ్ళు కర్రలు పీక్కుని లారీ ఎక్కేస్తారు, మూడడుగుల గోతులు అలాగే ఉండిపోతాయి. మర్నాడు చీకటితోనే వల లాగడానికి వచ్చేవాళ్ళు వెనక్కి అడుగులు వేస్తూ తాడు లాగుతారు. పన్నెండు కర్రలు పాతారా, పన్నెండు గోతులూ పూడ్చారో లేదో లెక్కపెట్టి చూసుకున్నాకే మేస్త్రీకి మిగతా డబ్బు ఇవ్వండి.